అయిదో స్కోరు: మన సంఘం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, ఉగాది, వేసవి పిక్నిక్, బతుకమ్మ, దీపావళి ఈ ఏడాదీ బాగా జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు. లెక్కలు ట్రెజరర్ గారు విడిగా జతచేశారు. ఉగాది పచ్చడికి ఊరి నుంచి ఎండబెట్టిన వేపపువ్వు మూటకట్టి తెచ్చిన అమ్మమ్మ గారికి మాత్రం ఇక్కడ కృతజ్ఞతలు చెప్పకుండా ఉండలేను. మిగతా నివేదికంతా అమ్మాయిల గోల్ఫ్ గురించే రాస్తున్నాను. కార్యవర్గంలో ఇది అందరికీ నచ్చలేదు. నచ్చనివాళ్ళ మాట కూడా రాశాను.

2023 సెప్టెంబర్‌లో గోల్ఫర్ సాహిత్ తీగల మనకు దగ్గర్లోనే, నాపా సిల్వరాడోలో, తన మొదటి పీజీఏ టూర్ (మగవాళ్ళ ప్రొఫెషనల్ గోల్ఫ్) టైటిల్ గెలిచాడు. వాళ్ళ నాన్నగారు హైదరాబాద్ నుంచి వచ్చినవారు కాబట్టి మన బే ఏరియా తెలుగువాళ్ళంతా సొంత ఇంట్లో పెళ్ళి జరిగినట్టు సంబరపడ్డాం. ఆ చలికాలం మన ఇళ్ళలో చాలామంది మగపిల్లలకి గోల్ఫ్ క్లబ్బులొచ్చాయి. ఆడపిల్లలు మాత్రం అన్నయ్య ఆడుతుంటే కార్ట్‌లో కూర్చుని చూశారు. కొంతమంది తల్లిదండ్రులు వాళ్ళకీ నేర్పించారు, కానీ రెండు మూడు నెలలకే మానేశారు. ఎందుకు మానేశారో నాకు మా ఇంట్లోనే తెలుసు. మా పెద్దమ్మాయి ఏడో తరగతిలో ఇలాగే టెన్నిస్ మానేసింది. "ఆట బానే ఉందమ్మా, నాతో ఎవరూ లేరు" అంది. ఆ రోజు ఆ మాట నేను పట్టించుకోలేదు. మంచి కోచ్‌ని వెతికాను, ఫీజు ఎక్కువ కట్టాను. ఒక్కర్తే కోర్టుకెళ్ళి, ఒక్కర్తే ఇంటికొచ్చే పిల్లకి కావలసింది ఇంకో కోచ్ కాదని అర్థమయ్యేసరికి అది రాకెట్ అటక మీద పెట్టేసింది.

అందుకే ఈ ఏడాది జనవరిలో తొమ్మిది మంది అమ్మాయిలతో బృందం మొదలుపెట్టినప్పుడు, స్వింగ్ ఎవరు నేర్పుతారన్నదాని కంటే ముందు, గోల్ఫ్ లాంటి ఒంటరి ఆటలో జట్టు ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనుకున్నాం. దానికి దూరం వెళ్ళాల్సిన పని లేదు. మన పాలో ఆల్టో పక్కనే స్టాన్‌ఫర్డ్ ఉంది.

అక్కడి మహిళల జట్టు కోచ్ పేరు యాన్ వాకర్. పుట్టింది స్కాట్లాండ్‌లో. బర్కిలీలో చదువుతూ ఆడింది, అక్కడే అసిస్టెంట్ కోచ్‌గా చేసింది, తర్వాత యూసీ డేవిస్‌లో హెడ్ కోచ్. 2012లో స్టాన్‌ఫర్డ్‌కి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ కదా, డబ్బు, పేరు, ఏడాది పొడుగునా ఎండ, సొంత గోల్ఫ్ కోర్సు, ఇవన్నీ ఉంటే ఎవరైనా గెలుస్తారు అని మన వాళ్ళలో ఒకరు అన్నారు. ఆ కోర్సు 1930 నుంచీ ఉంది. ఎండ అంతకు ముందు నుంచీ ఉంది. మహిళల గోల్ఫ్‌కి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) జాతీయ పోటీలు 1982లో మొదలైతే, స్టాన్‌ఫర్డ్ అమ్మాయిల జట్టు మొదటిసారి కప్పు గెలిచింది 2015లో, ఆమె వచ్చిన మూడేళ్ళకి. అదే నాకు ఆసక్తి పుట్టించింది.

ఆట లెక్క తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. జాతీయ పోటీకి 30 జట్లు వస్తాయి. ఒక్కో జట్టులో అయిదుగురు ఆడతారు. ప్రతి రోజూ ఆ అయిదు స్కోర్లలో మంచివి నాలుగు కలుపుతారు, అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తీసుకున్న ఒకరి స్కోరు తీసేస్తారు. అలా నాలుగు రౌండ్లయ్యాక పైనున్న ఎనిమిది జట్లు మ్యాచ్ ప్లేకి వెళతాయి. అక్కడ ఇంకేం కలపరు. అయిదుగురికి అయిదుగురు ఎదురెదురుగా ఆడతారు. ఒక్కో హోల్ తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్ళు ఆ హోల్ గెలిచినట్టు, ఎక్కువ హోల్స్ గెలిచినవాళ్ళది మ్యాచ్, మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టు గెలిచినట్టు. అంటే నిన్నటిదాకా స్కోరు తీసేయించుకున్న పిల్ల మీదే ఈ రోజు కప్పు ఆధారపడొచ్చు.

2015లో సరిగ్గా అంత టెన్షన్ నడిచింది. మహిళల్లో మ్యాచ్ ప్లే పెట్టిన మొదటి ఏడాది అది. ఫ్లోరిడాలోని బ్రేడెంటన్‌లో స్టాన్‌ఫర్డ్, బేలర్ చెరి రెండు మ్యాచ్‌లు గెలిచాయి. మిగిలింది స్టాన్‌ఫర్డ్ అమ్మాయి మరాయా స్టాక్‌హౌస్ మ్యాచ్. రెండు హోల్స్ మిగిలి ఉండగా ఆమె రెండు వెనకబడి ఉంది. ఇంకొక్క హోల్ పోతే అంతా అయిపోయినట్టే. పదిహేడు గెలిచింది, పద్దెనిమిది గెలిచి సమం చేసింది, అదనపు హోల్ కూడా గెలిచింది. ఈ కథ మన పిల్లలకి చెప్పినప్పుడు వాళ్ళు అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు: "అప్పటికే గెలిచేసిన మిగతావాళ్ళు ఎక్కడున్నారు ఆంటీ?" గ్రీన్ పక్కనే నిలబడి ఉన్నారు.

మరుసటి ఏడాది కూడా ఫైనల్‌కి వెళ్ళారు, వాషింగ్టన్ చేతిలో 3-2తో ఓడిపోయారు. ఆ తర్వాత కప్పు మళ్ళీ చేతికందడానికి 2022 దాకా ఆగాల్సొచ్చింది. మధ్యలో కోవిడ్ వల్ల 2020లో పోటీలే జరగలేదు. ఆ ఆరేడేళ్ళ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకైతే ప్రోగ్రామ్ అన్నది అప్పుడే తయారైంది అనిపిస్తుంది. కప్పు రాకపోయినా పిల్లలు రావడం ఆగలేదు. యాండ్రియా లీ, ఆల్బన్ వాలెన్సువెలా లాంటివాళ్ళు అక్కడ ఆడి ప్రొఫెషనల్స్ అయ్యారు. 2021లో రేచల్ హెక్ మొదటి సంవత్సరంలోనే వ్యక్తిగత జాతీయ టైటిల్ గెలిచింది. 2022, 2023 రెండేళ్ళూ రోజ్ జాంగ్ గెలిచింది. మహిళల్లో రెండుసార్లు ఆ టైటిల్ గెలిచింది ఆమె ఒక్కతే. రెండేళ్ళలో 20 పోటీలాడి 12 గెలిచి, టైగర్ వుడ్స్‌తో సహా ముగ్గురు మగవాళ్ళ పేరున ఉన్న 11 విజయాల స్టాన్‌ఫర్డ్ రికార్డు దాటింది.

కానీ మా పిల్లల గోడ మీద అంటించిన ఫొటో రోజ్ జాంగ్‌ది కాదు, రేచల్ హెక్‌ది. ఆమె కాలేజీలో చదువుతూనే ఎయిర్ ఫోర్స్ ఆఫీసర్ శిక్షణ కూడా చేసింది. అంత ఆట ఉండి కూడా, ప్రొఫెషనల్ గోల్ఫ్‌లోకి వెళ్ళనని 2024లో చివరి సీజన్ నడుస్తుండగానే చెప్పేసింది. మన ఇళ్ళలో అయితే "ఇంకెందుకమ్మా ఈ ఆట, చదువు చూసుకో" అనేవాళ్ళం. ఆ ఏడాది మేలో కార్ల్స్‌బాడ్‌లో యూసీఎల్‌ఏ మీద ఫైనల్లో స్టాన్‌ఫర్డ్‌కి గెలుపు తెచ్చిన పాయింట్ ఆమెదే. అదే ఆమె ఆఖరి కాలేజీ మ్యాచ్. టూర్‌కి వెళ్ళే రోజ్‌కీ, యూనిఫామ్ వేసుకునే రేచల్‌కీ ఒకే జట్టులో చోటుంది. ఇది యాన్ వాకర్ కట్టిన ఇంట్లో నాకు అన్నిటికంటే నచ్చిన గది.

ఇక మన ఆదివారాల సంగతి. పిల్లల్ని అయిదుగురు, నలుగురుగా విడగొట్టి ఆరు హోల్స్ ఆడించాం. అయిదుగురిలో నాలుగు స్కోర్లు, నలుగురిలో మూడు స్కోర్లు కలిపాం. ట్రెజరర్ గారు కారు బానెట్ మీద వైట్‌బోర్డ్ ఆనించి అంకెలు రాసేవారు. ఒక ఆదివారం ఎనిమిదో తరగతి అమ్మాయి ఆఖరి హోల్లో బంతి మూడుసార్లు నీళ్ళలో వేసి పదకొండు తెచ్చుకుంది. బోర్డు మీద ఆమె అంకె కొట్టేశారు. జట్టు గెలిచింది. ఆ పిల్ల మాత్రం షూ లేసులు విప్పుకుంటూ, తల ఎత్తకుండా, "నేను రాకపోయినా ఒకటే కదా ఆంటీ" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. పదకొండో తరగతి అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని తన స్కోర్‌కార్డ్ తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. రెండో హోల్ దగ్గర పెన్సిల్‌తో తొమ్మిది అని ఉంది. "ఇక్కడికి వచ్చేసరికి కొట్టేసే స్కోరు నాదే అనుకున్నా. నువ్వు నాలుగులో ముగించావు. అది చూసి ఊపిరి పీల్చుకున్నా" అంది. చిన్నది ఆ కార్డుని చాలాసేపు చూసింది. మూడు వారాల తర్వాత కొట్టేసిన అంకె ఆ పెద్ద పిల్లదే. బోర్డు దగ్గర అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కూడా ఆ పిల్లే.

గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలున్న ఒక తాతగారు ప్రతి వారం పులిహోర డబ్బాతో వచ్చి, పిల్లలు ఆడి వెళ్ళిన బంకర్లలో ఇసుక రేక్‌తో సమంగా లాగేవారు. ఆటలో ఒక్క నియమం కూడా ఆయనకు తెలియదు. "చేనులో చాళ్ళు సర్దినట్టే ఉంది" అనేవారు. ఆయన తిరిగి వెళ్ళేముందు పిల్లలంతా సంతకాలు పెట్టి ఒక బంతి ఇచ్చారు.

మే 21 సాయంత్రం పిల్లలంతా మా హాల్లో టీవీ ముందు కూర్చున్నారు. మళ్ళీ కార్ల్స్‌బాడ్, స్టాన్‌ఫర్డ్‌కి నార్త్‌వెస్టర్న్‌తో ఫైనల్. స్ట్రోక్ ప్లేలో, అంటే స్కోర్లు కలిపే ఆ నాలుగు రౌండ్లలో, మొదటి స్థానంలో వచ్చిన జట్టు, పోయిన ఏడాది ఛాంపియన్ అయిన స్టాన్‌ఫర్డ్ 3-2తో ఓడిపోయింది. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు నిజంగా ఏడ్చారు. గెలుస్తారనే నమ్మకంతో చేయించిన బొబ్బట్లు ఎవరూ ముట్టలేదు.

ఆ స్టాన్‌ఫర్డ్ జట్టులో ఒకమ్మాయి పేరు మేఘ గన్నే. న్యూజెర్సీలో పెరిగిన భారతీయ కుటుంబం పిల్ల. ఇంటిపేరు వినగానే మన వాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి. 2021లో మన శాన్ ఫ్రాన్సిస్కో ఒలింపిక్ క్లబ్‌లో యూఎస్ విమెన్స్ ఓపెన్ జరిగినప్పుడు, 17 ఏళ్ళ వయసులో మొదటి రౌండ్‌లో 67 కొట్టి ఆధిక్యం పంచుకున్నది ఈమే. మేలో ఆ ఓటమి తర్వాత మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 10న ఓరెగాన్ బాండన్ డ్యూన్స్‌లో యూఎస్ విమెన్స్ అమెచ్యూర్ (ప్రొఫెషనల్స్ కాని మహిళల పోటీ) గెలిచింది. ఫైనల్లో బ్రూక్ బియర్‌మన్ మీద మూడు హోల్స్ మిగిలుండగానే నాలుగు ఆధిక్యంతో ముగించింది. ఆ సాయంత్రం మన వాట్సాప్ గ్రూపు పని చేసినంత గట్టిగా ఏ ఎన్నికల రోజూ పని చేయలేదు. ఈ గెలుపుతో 2026 జూన్‌లో లాస్ ఏంజిలిస్ రివియేరాలో జరిగే యూఎస్ విమెన్స్ ఓపెన్‌లో ఆమెకు చోటు వచ్చింది. ఒక రోజు మన పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాలని కార్యవర్గం నిర్ణయించింది. టికెట్, బస ఖర్చులో సగం సంఘం భరిస్తుంది.

ఇప్పుడు అభ్యంతరం. "గోల్ఫ్ డబ్బున్నవాళ్ళ ఆట, సంఘం సొమ్ము తొమ్మిది మంది మీద ఎందుకు?" అని సర్వసభ్య సమావేశంలో అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ ఏడాది కొత్త క్లబ్ ఒక్కటి కూడా కొనలేదు. మీ గ్యారేజీల్లో దుమ్ము పట్టినవి తెచ్చి, గ్రిప్పులు మార్చి వాడాం. ఖరీదైన కోర్సుల జోలికి పోకుండా మునిసిపల్ కోర్సుల్లోనే ఆడించాం. ఎవరి దగ్గరా నెల ఫీజు తీసుకోలేదు. ఈ బృందానికి సంఘం ఇచ్చిన డబ్బు పిక్నిక్ భోజనాల ఖర్చు కంటే తక్కువ. వివరాలు ట్రెజరర్ గారి కాగితంలో ఉన్నాయి.

ఇంకో తప్పు మాది. మొదటి రెండు నెలలు తల్లిదండ్రులు పిల్లల పక్కనే నడుస్తూ ప్రతి షాట్‌కీ సలహా ఇచ్చారు. "తల కింద పెట్టు", "మెల్లగా", "నిన్న ఏం చెప్పాను?" ఒకమ్మాయి పట్ (బంతిని హోల్లోకి నెట్టే చిన్న దెబ్బ) కొట్టబోయే ముందు బంతి వైపు చూడకుండా నాన్న వైపు చూడటం గమనించాం. మార్చి నుంచి పెద్దలంతా పార్కింగ్ దగ్గరే ఉండాలని పెట్టాం. కోపాలొచ్చాయి, ఒక కుటుంబం మానేసింది. వాళ్ళమ్మాయి రావాలనుకుంటే తలుపు తెరిచే ఉంది.

పెద్ద పిల్లల తల్లిదండ్రులు కాలేజీ సంగతి అడుగుతున్నారు. డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 కంటే ముందు పిల్లలతో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. అంతకు ముందే ఎవరైనా డబ్బు తీసుకుని పరిచయాలు చేయిస్తామంటే నమ్మకండి. ఒకప్పుడు ఒక కాలేజీ మహిళల గోల్ఫ్‌కి ఆరు స్కాలర్‌షిప్‌లకు మించి ఇవ్వకూడదు. ఈ ఏడాది ఎన్‌సీఏఏ మీద కోర్టు కేసులో కుదిరిన ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ హద్దు పోయి, జట్టులో మొత్తం ఎంతమంది ఉండొచ్చన్న హద్దు వచ్చింది. స్కాలర్‌షిప్ వస్తే సంతోషమే. కానీ మన బృందం దాని కోసం పెట్టింది కాదు. జనవరిలో చేరిన తొమ్మిది మందిలో డిసెంబర్‌కి ఎనిమిది మంది ఉన్నారు, ఇద్దరు కొత్తగా చేరారు. నేను రాత్రి పడుకునేముందు లెక్కపెట్టుకునే అంకె ఇదే.

సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మళ్ళీ మొదలుపెడతాం. బంకర్లు సర్దడానికి తాతగారి చోటు ఖాళీగా ఉంది, ఆసక్తి ఉన్న పెద్దలు చెప్పండి. కార్లలో పిల్లల్ని దింపడానికి ఇంకో ఇద్దరు కావాలి. కొత్తగా చేరిన ఇద్దరిలో ఒకమ్మాయిది ఎడమచేతి వాటం. ఎవరి గ్యారేజీలోనైనా ఎడమచేతి సెట్ ఉంటే, పాతదైనా పర్వాలేదు, ఆదివారం లోపు మా ఇంటికి చేర్చండి.

మీ
కార్యదర్శి