డబ్బా పొడి కాదు, నడవడానికి చోటు కావాలి

సంపాదకులకు,

ఒక పొడి వాడితే 21 రోజుల్లో మెదడులో కొత్త కణాలు పెరుగుతాయంటూ పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. నిన్న మా అన్నయ్య ఆ కాగితం చించి తెచ్చి, ఆ పొడి డబ్బా తెప్పించమన్నాడు. ఆయనకు మతిమరుపు మొదలై రెండేళ్లయింది. ఇక ఆగలేకపోయాను.

మెదడు కణాలు పోతే మళ్లీ పుట్టవని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని. అది పూర్తిగా నిజం కాదని తెలిసినప్పుడు సంతోషించాను కూడా. 1960లలో జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త ఎదిగిన ఎలుకల మెదడులో కొత్త కణాలు పుడతాయని చూపిస్తే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. మనుషుల్లో ఆధారం 1998లో దొరికింది. తీరా 2018లో ఒక బృందం పెద్దవాళ్లలో కొత్త న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, కనబడలేదంది, అదే ఏడాది ఇంకో బృందం 79 ఏళ్లవారిలోనూ ఉన్నాయంది. శాస్త్రవేత్తలే ఇంత వాదించుకుంటుంటే 21 రోజుల్లో పొడితో కణాలు పెరుగుతాయని ఎలా రాశారు? పక్కనే ఆ డబ్బా ప్రకటన ఎలా వేశారు? ఒకప్పుడు పేపర్లో పడిందంటే నమ్మేవాళ్లం.

అమెరికాలో 120 మంది వృద్ధులతో చేసి 2011లో ప్రచురించిన పరిశోధన ఉంది. ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచినవారిలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం సుమారు 2 శాతం పెరిగింది. అది కొత్త కణాల వల్లేనని తేలలేదు. అయినా నడకకు డబ్బు ఖర్చు లేదు, మోసం లేదు. మా డాక్టరు కూడా అన్నయ్యకు అదే చెప్పారు.

నడవడానికి చోటేదీ? మా వార్డు పార్కుకు ఉగాది నుంచి తాళం. గోడ మరమ్మతు అన్నారు. ఇసుక కుప్ప పోశారు, అంతే. మూడుసార్లు అర్జీ ఇచ్చాను. రోడ్డు మీద నడుద్దామంటే కాలవల మీద మూతల్లేవు, కుక్కలు, పొద్దున్నే స్కూలు బస్సులు. పడితే తుంటి ఎముక విరుగుతుందని టెన్షన్. పోనీ లైబ్రరీలో కూర్చుని నలుగురితో మాట్లాడతాడనుకుంటే, అక్కడ ఫ్యాను తిరగదు, పేపర్లు రావు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మాత్రం ఏటా కడుతున్నాం. దేశంలో అరవై దాటినవారిలో 88 లక్షల మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని అంచనా. ఈ అధికారుల ఇళ్లలో ముసలివాళ్లు లేరా?

ఆ వ్యాసానికి సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. మీ విలేకరిని ఒక్కసారి మా పార్కుకు పంపండి. రోజూ ఉదయం అన్నయ్యను ఆ గేటు దాకా తీసుకెళ్లి వెనక్కి తెస్తున్నాను. తాళం వేసి ఉందన్న సంగతి మర్చిపోయి, మర్నాడు మళ్లీ చెప్పులు వేసుకుని తయారవుతున్నాడు.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు