వార్షిక నివేదిక: బాతుల వేట కుక్కలకు రాలిన జింక కొమ్ములను వెదకడంలో శిక్షణ

గౌరవ సభ్యులకు నమస్కారం.

అమెరికాలోని మన మిన్నెసోటా రాష్ట్రంలో బాతుల వేట సెప్టెంబరు చివర మొదలై, మడుగులు గడ్డకట్టే వేళకు ముగిసిపోతుంది. ఆ తరువాత మన లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు నెలల తరబడి ఇళ్లలో పడుకుని ఒళ్లు చేయడం ఏటా చూస్తున్నదే. ఆ ఖాళీ నెలల్లో తెల్లతోక జింకలు రాల్చిన కొమ్ములను వెదకడం వాటికి నేర్పాలని కిందటి సర్వసభ్య సమావేశం తీర్మానించింది. ఈ ఏడాది సంఘం చేసిన ముఖ్యమైన పని అదొక్కటే కనుక ఈ నివేదిక దాదాపుగా దాని గురించే.

కొమ్ము కోసం జింకను చంపాలా అని కొత్త సభ్యులు కొందరు అడిగారు. అవసరం లేదు. ఆవు కొమ్మునూ దుప్పి కొమ్మునూ మనం ఒకే మాటతో పిలవడం వల్ల వచ్చిన తికమక ఇది. ఆవు కొమ్ము జీవితాంతం ఉంటుంది. మగ జింక కొమ్ము మాత్రం అచ్చమైన ఎముక, ఏటా రాలి ఏటా మొలుస్తుంది. జతకట్టే కాలం ముగిసి ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తగ్గగానే, కొమ్ము పుర్రెకు అతుక్కున్న చోట ఎముకను ప్రత్యేక కణాలు కరిగించడంతో, ఎక్కువగా జనవరి, మార్చి నెలల మధ్య అది ఊడి పడిపోతుంది. ఆలస్యం చేస్తే ఎలుకలు, ఉడుతలు కాల్షియం కోసం దాన్ని కొరికి తినేస్తాయి.

వస్తువును నోట కరచి తెచ్చి చేతికివ్వడం మన కుక్కలకు ముందే వచ్చు కనుక శిక్షణ సులభంగా సాగుతుందనుకున్నాం. మొదటి మెట్టు అలాగే సాగింది. అసలు కొమ్ము మొనలు ఒక్కసారి నోటిలో గుచ్చుకుంటే కుక్క మళ్లీ దాని జోలికి పోకపోవచ్చు కనుక మెత్తని రబ్బరు కొమ్ములతో ఆరంభించాం. బాతు బొమ్మల తయారీతో పేరుపొందిన నార్త్‌ఫీల్డ్ శిక్షకుడు టామ్ డోకెన్ ఈ విద్యకు మన రాష్ట్రంలోనే ప్రచారం తెచ్చినందువల్ల ఇలాంటి సామగ్రి దొరకడం కష్టం కాలేదు.

రెండో మెట్టులో తప్పు చేశాం, దాన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. మంచులో నడిచి వెళ్లి, ఒట్టి చేతులతో కొమ్ములు పెట్టి వచ్చాం. కుక్కలు ఒకదాన్ని మించి మరొకటి వాటిని కనిపెడుతుంటే రెండు వారాలు సంబరపడ్డాం. చేతి తొడుగులు వేసుకుని నాలుగు రోజుల ముందే దాచిన కొమ్ము పక్కనుంచి అవే కుక్కలు చూడకుండా దాటిపోయినప్పుడు గానీ, అవి అంతవరకూ వెదికింది కొమ్మును కాదు, మన అడుగుల వాసననని తెలియలేదు. అప్పటి నుంచి కొమ్ములను బాగా కడిగి, రబ్బరు తొడుగులు, రబ్బరు బూట్లు వేసుకుని, వీలైనచోట దూరం నుంచే విసిరి, కొమ్ము వాసన వచ్చే మైనం పూసి పెడుతున్నాం. కొత్తగా రాలిన కొమ్ము అడుగుభాగాన రక్తపు వాసన కొంత ఉంటుంది; ఎండకు తెల్లబడిన పాతదానికి వాసన తక్కువ కనుక, గడ్డిలో కొమ్ము ఆకారాన్ని కంటితో గుర్తుపట్టడం కూడా నేర్పక తప్పదు.

అసలు చిక్కు ముక్కుది కాదు, అలవాటుది. బాతుల వేటలో కుక్క కదలక కూర్చుని, పిట్ట పడిన చోటు గుర్తుంచుకుని, ఆజ్ఞ వచ్చాకే తిన్నగా వెళ్లాలి; పడిన చోటు చూడనప్పుడు ఈలకు ఆగి మన చేతి సైగను బట్టి నడవాలి. కొమ్ముల పనిలో ఏదీ పడదు, ఎక్కడుందో మనకే తెలియదు. అందుకే బాగా తర్ఫీదైన పెద్ద కుక్కలు ఇరవై అడుగులు వేసి, వెనక్కి తిరిగి కూర్చుని మన మొహం చూశాయి. అంతగా తర్ఫీదు లేని చిన్నవి హాయిగా తిరుగుతూ వెదికాయి. ఎన్నో ఏళ్లు ఆజ్ఞలు నేర్పిన మనకు ఇది కొంచెం చిన్నతనంగానే అనిపించింది. విరుగుడుగా ఈ పనికి వేరే మెడపట్టీ వాడి, ఆగమనే ఈలను పూర్తిగా మానేసి, గాలికి ఎదురుగా అటూ ఇటూ తిప్పుతూ, మొదట్లో సులభంగా దొరికేలా ఎక్కువ కొమ్ములు పెట్టాం. ఆజ్ఞ కూడా మార్చాం: బాతుకు ‘ఫెచ్’ అనేవాళ్లం కనుక దీనికి ‘వెతుకు’ అన్నాం. మడుగు దగ్గర ఎన్నడూ వినని మాట కావడం వల్ల కుక్కకు రెండు పనులూ వేరని త్వరగా తెలిసింది.

బాతుల పని చెడుతుందన్న కొందరు సభ్యుల భయం పూర్తిగా నిరాధారం కాదు. వసంతంలో నీటి దగ్గర పరీక్షించినప్పుడు రెండు కుక్కలు ఆజ్ఞకు ముందే దూకాయి. నెల రోజుల సాధనతో దారికి వచ్చాయి. కూర్చుని ఆగడం స్థిరపడని కుక్కను ఈ శిక్షణకు తీసుకోవద్దని కార్యవర్గం అభిప్రాయం.

మార్చిలో ఒక కుక్క జింకల గుంపు వెంట పరుగెత్తింది. పిలిస్తే వెనక్కి వచ్చింది కానీ దీన్ని తేలిగ్గా తీసుకోలేం: జింకను ప్రమాదంలో పడేసేలా తరిమే కుక్కను చంపే అధికారాన్ని రాష్ట్ర చట్టం అధికారులకు ఇస్తుంది. పైగా చలికాలం చివర జింకలు ఒంట్లో మిగిలిన కొవ్వుతోనే బతుకుతాయి, బెదిరించి పరుగెత్తిస్తే అదీ కరిగిపోతుంది. ఈ కారణంగానే వయోమింగ్ వంటి పశ్చిమ రాష్ట్రాలు వసంతం దాకా చాలా ప్రభుత్వ భూముల్లో కొమ్ములు ఏరడాన్ని నిషేధించాయి. మన రాష్ట్రంలో అలాంటి గడువు లేకపోయినా, మంచు లోతుగా ఉన్నంతకాలం జింకలు చేరే చోట్లకు వెళ్లరాదని, జింకలను పట్టించుకోని కుక్కలనే పొడవాటి తాడు లేకుండా వదలాలని నియమం పెట్టుకున్నాం. ప్రైవేటు భూముల్లో యజమాని అనుమతి తప్పనిసరి. జాతీయ ఉద్యానాలలో కొమ్ములు ఏరడం నేరం. మంచు కరిగాక గోమార్లు వస్తాయి, వాటి ద్వారా లైమ్ వ్యాధి సోకుతుంది కనుక ఇంటికి చేరగానే కుక్క ఒంటి మీదా మీ ఒంటి మీదా గోమార్ల కోసం వెతకండి.

దొరికిన కొమ్ములను ఊరికి తీసుకెళ్లాలని కొందరు అడిగారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రాలిన దుప్పి, కణుజు కొమ్ములను దగ్గర ఉంచుకోవడాన్ని కూడా అనుమతించదు. ఇది అమెరికా జింక కొమ్మని విమానాశ్రయంలో నిరూపించే తంటా ఎవరికీ వద్దు, పెట్టెలో పెట్టకండి.

రబ్బరు కొమ్ములు, మైనం, తొడుగుల ఖర్చు సభ్యత్వ రుసుము నుంచే భరించాం. లెక్కల పత్రాన్ని కోశాధికారి సమావేశంలో ఉంచుతారు. వచ్చే శిక్షణ బాతుల వేట ముగిసిన తరువాతి శనివారం మొదలవుతుంది. రబ్బరు బూట్లు ఎవరివి వారు తెచ్చుకోవాలి, దయచేసి వాటితో వంటింట్లో తిరగకుండా.

కార్యదర్శి