ఆ రాళ్ల మీదికి చేప ఎక్కడి నుంచి వస్తుంది?

రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో సముద్రం ఒడ్డున ఒక పట్టపుపాళెం, అంటే వేటగాళ్ల ఊరు. నాన్న వేటకు పోయేవాడు. నేను చదువుకుని ముప్ఫై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మన తీరం వెంట కాంక్రీటు దిమ్మెలు దింపి కృత్రిమ రీఫులు, అంటే నీటి అడుగున చేపలు చేరే రాతి గుట్టలు, కడుతున్నారు. మంచి పనే. రాయి ఉన్నచోట చేప నిలుస్తుందని నాన్నకు ఏ పుస్తకమూ చెప్పలేదు, అయినా ఆయనకు తెలుసు. నా దిగులల్లా ఆ రాయి మీదికి వచ్చే చేప ఎక్కడ పుట్టి వస్తుందన్న దాని గురించే.

ఈ సంగతి దూరపు దీవుల దగ్గర బాగా తేలింది. హవాయి దీవులు దగ్గరి ఖండానికి సుమారు 3,800 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అక్కడి రీఫు చేపల్లో దాదాపు నాలుగో వంతు రకాలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. రీఫు చేపల్లో చాలావాటికి పెద్దయ్యాక రాయి విడిచి దూరం పోయే అలవాటు లేదు. తిరిగే తిరుగుడంతా పసితనంలోనే. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్ల, వడ్లగింజంత కూడా ఉండదు, నీటివాలున రోజులూ వారాలూ కొట్టుకుపోతుంది. ఎప్పుడో ఏ ప్రవాహమో అలాంటి పిల్లల్ని కొన్నిటిని ఆ దీవులకు చేర్చింది. తర్వాత రాకపోకలు సన్నగిల్లాయి, వంశం వేరుపడింది.

ఆ వంశచరిత్ర డీఎన్‌ఏలో మిగిలే ఉంటుంది. రెక్క అంచున చిన్న ముక్క కత్తిరించి పరీక్షిస్తే ఆ జాతి ఒకప్పుడు ఎంత కొద్దిగా ఉండేదో, ఎప్పుడు పెరిగిందో అంచనా కట్టొచ్చు. చాలా రీఫు చేపల్లో మంచుయుగపు ఎత్తుపల్లాల గుర్తులు కనిపిస్తాయి. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. లోతు తక్కువ రీఫులు ఎండిపోయాయి, నీళ్లు పైకి వచ్చాక చేపలు మళ్లీ పరుచుకున్నాయి. మైపాడు ముందర, కొత్తపట్నం ముందర ఇవాళ మనవాళ్ల వలలు పడే చోటు కూడా అప్పుడు పొడినేలే. అక్కడి చేప కూడా ఎక్కడి నుంచో వచ్చిందే.

మరి ఇప్పుడో? పాపువా న్యూగినీలోని కింబే అఖాతంలో ఒక దీవి చుట్టూ సుమారు 75 ఎకరాల రీఫు ఉంది. అక్కడ తల్లి చేపలకు హాని లేని బేరియం గుర్తు ఎక్కించారు. అది గుడ్డులోకి దిగి, పిల్ల చెవిరాయిలో నిలిచిపోతుంది. గొరక తల చీలిస్తే తెల్లరాయి దొరుకుతుందే, అదే చెవిరాయి. మనం పారేసే ఆ రాయిలో రోజుకో వలయం పడుతుంది. 2007లో ఫలితం వచ్చింది. క్లౌన్ చేప పిల్ల 11 రోజులు, సీతాకోకచిలుక చేప పిల్ల 38 రోజులు సముద్రంలో తిరిగే రకాలు. అయినా ఆ రీఫు మీద స్థిరపడిన పిల్లల్లో రెండు రకాల్లోనూ దాదాపు 60 శాతం అక్కడే పుట్టినవి! ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే సముద్రం పెద్దది, ఇక్కడ అయిపోతే ఇంకో చోటి నుంచి వస్తుందిలే అన్న ధైర్యం మీదే మా పాళెం బతికింది.

మన దగ్గర లెక్క ఇంకా చిక్కు. బంగాళాఖాతంలో తీరం వెంట నడిచే ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. వేసవి మొదట్లో పుట్టిన పిల్ల బాపట్ల వైపుకు, కార్తీకంలో పుట్టింది చెన్నై వైపుకు కొట్టుకుపోవచ్చు. మన రాళ్ల మీది చేప ఇక్కడిదే అయితే, తల్లిచేపల్ని ఊడ్చేశాక దిమ్మెలు దింపి లాభం లేదు. వేరే చోటి నుంచి వచ్చేదైతే, మనం ఒక్కరం కాపాడితే చాలదు, పొరుగు రాష్ట్రంతో మాట్లాడుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమని 61 రోజులు పొయ్యి ఆర్పుకుని ఒడ్డున కూర్చునేవాళ్లకు ఈ తేడా తెలియాలి కదా. జువ్వలదిన్నె రేవులో పడవ నడిపేవాడికి ఇంతవరకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

అయ్యా, నేను పెద్ద ఖర్చేమీ అడగడం లేదు. జువ్వలదిన్నెలో, కొత్తపట్నంలో ఒక్కో మనిషిని పెట్టండి. రాళ్ల దగ్గర పట్టిన చేప ఒడ్డుకు రాగానే రెక్క ముక్క స్పిరిట్‌లో, చెవిరాయి పొట్లంలో దాచి, పట్టిన చోటు, తేదీ, పొడవు రాసుకుంటే చాలు. పరీక్షలకు కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థను అడగండి. దింపిన రీఫుల్లో ఒక్కదాన్ని మూడేళ్లు వల పడకుండా వదిలేసి చూడండి. దానికి పోలీసు కాపలా అక్కర్లేదు. పాళెం కాపుల్ని, అంటే మా ఊరి పెద్దల్ని, పిలిచి, ఎందుకో వివరించి, దురాయి (ఊరి కట్టుబాటు) వేయమని అడగండి. మావాళ్లు సర్కారు జీవో దాటినా దురాయి దాటరు.

నిషేధం ముగిసిన మర్నాడు వచ్చే మొదటి వేటే ఈ లెక్కకు పనికొచ్చే వేట. ఆ వారం దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. జూన్ 14 రాత్రి పడవలు కదిలే లోపే ఆ మనిషిని రేవుకు పంపండి. స్పిరిట్ సీసాలు నేనే కొని పెడతాను.

ఇట్లు,
అల్లూరు మండలం నుంచి ఒక రిటైర్డ్ జువాలజీ మాస్టారు