సేవ పేరు చెప్పి జీతం ఆపొద్దు

సంపాదకులకు,

నమస్కారం. మే 1 కార్మిక దినోత్సవం. 1955 నుంచి క్యాథలిక్కులు అదే రోజున శ్రామికుడైన పునీత జోజప్ప గారి పండుగ కూడా చేసుకుంటున్నారు. చెమటోడ్చే చేతుల గురించి గుడుల్లో ఆ రోజు మంచి ప్రసంగాలే వస్తాయి. వినేవాళ్ళలో బడులు నడిపే కరస్పాండెంట్లు, నర్సింగ్ హోమ్ యజమానులు, దుకాణదారులు, ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్న గృహస్థులు ఉంటారు. వాళ్ళు ఏ సంఘానికి చెందినవాళ్ళైనా సరే, ఈ ఉత్తరం వాళ్ళ కోసమే. మన విశ్వాసం పనిచోట అన్నిటికంటే ముందు కనబడాల్సింది జీతాల రిజిస్టరులో. గోడ మీద రాయించిన వాక్యం ఆ తర్వాత సంగతి.

మన క్రైస్తవ సంస్థల్లో జీతం మాట ఎత్తగానే వినబడే జవాబు ఒకటుంది: "ఇది ఉద్యోగం కాదమ్మా, పరిచర్య. ప్రతిఫలం ప్రభువిస్తాడు." ఈ మాట అనేవాళ్ళు లూకా సువార్త 10వ అధ్యాయం మరోసారి తెరవాలి. "పనివాడు తన జీతమునకు పాత్రుడు" అని యేసు చెప్పింది పొలం కూలీల సందర్భంలో కాదు, సువార్త చెప్పడానికి తాను పంపుతున్న డెబ్బైమంది శిష్యులతో. అచ్చమైన పరిచర్యకే జీతం న్యాయమని ఆయన అంటే, మూడో తరగతికి లెక్కలు చెప్పే టీచరమ్మకు, రాత్రి డ్యూటీ చేసే నర్సుకు పరిచర్య పేరు చెప్పి సగం జీతం ఇవ్వడానికి ఏ వాక్యం ఆధారం? సేవ చేయాలనుకున్నవారు తమ జేబులోంచి చేయాలి. ఎదుటివారి జీతంలోంచి చేస్తే అది సేవ అనిపించుకోదు.

తగాదాలన్నిటికీ మొదలు చేరిన రోజే పడుతుంది. "మనం మనం విశ్వాసులం, మనలో మనకు కాగితాలెందుకు" అంటారు. ఆరు నెలలు తిరిగేసరికి జీతం ఎంత అనుకున్నామన్న దగ్గరే మాట తేడా వస్తుంది. ఫిలేమోనుకు పౌలు రాసిన లేఖ ఒక్క అధ్యాయమే. ఫిలేమోను దాసుడైన ఒనేసిము అతనికి బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని, తానే తీరుస్తానని పౌలు స్వహస్తంతో రాసిచ్చాడు. అంత ఆప్తుడికే రాసిచ్చినప్పుడు నియామక పత్రం ఇవ్వడానికి మనకు మొహమాటం దేనికి? ఆ పత్రంలో ఇవి ఉంటే చాలు: చేరిన తేదీ, హోదా, బేసిక్ ఎంత, డీఏ (కరువు భత్యం) ఎంత, ఏమేం కోస్తారు, పని గంటలు, వారపు సెలవు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఒకటే పేజీ, రెండు ప్రతులు, రెండిటి మీదా ఇద్దరి సంతకాలు.

ఇక జీతం ఇచ్చే రోజు. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 ఆజ్ఞ. ద్వితీయోపదేశకాండం 24:15 కారణం కూడా చెబుతుంది: అతను బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకుని ఉన్నాడు. తేదీ తప్పితే జరిగేది ఇదే. ఇంటి అద్దె, పాలవాడి లెక్క, చీటీ వాయిదా అన్నీ నెల మొదటి వారంలోనే వస్తాయి. 1న రావాల్సిన జీతం 20న వస్తే మధ్యలో వడ్డీకి అప్పు తప్పదు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి 10,000 తెస్తే ఆ నెలకు 300 పోయినట్టే. జీతం తగ్గించలేదనుకునే యజమాని నిజానికి ఆ మేరకు తగ్గించినవాడే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7లోగా చేతికందాలి. మానేసినవారి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. బడిలో ఫీజులు ఆలస్యంగా వస్తాయన్నది నిజమే. అందుకే జూన్, జులైలలో వచ్చిన ఫీజులోంచి రెండు నెలల జీతాల మొత్తాన్ని వేరే ఖాతాలో పక్కన పెట్టాలి. కొత్త బస్సు, భవనం మీద ఇంకో అంతస్తు దాని తర్వాతే. యాకోబు పత్రిక 5:4లో మొర్ర పెట్టేది కోతవాళ్ళొక్కరే కాదు, బిగబట్టిన కూలి కూడా. తేదీ దాటిన జీతాన్ని చూసి ఏ క్రైస్తవ యజమానికైనా ఆ మాట గుర్తుకు రావాలి.

కోతల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. బేసిక్ 15,000 ఉన్న ఉద్యోగికి పీఎఫ్ కింద 12 శాతం, అంటే 1,800 కోస్తారు. యజమాని తన వంతు మరో 1,800 వేయాలి. అందులో 1,250 పింఛను ఖాతాకు, 550 పీఎఫ్‌కు పోతాయి. జీతం 21,000 దాటనివారికి జబ్బు చేస్తే ఆదుకునే ఈఎస్ఐ బీమా ఉంటుంది, ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. 18,000 జీతానికి అవి 135, 585. రెండు వాటాలనూ ఉద్యోగి జీతంలోంచే కోయడం ఒక తప్పు, దాన్ని చట్టం ఒప్పుకోదు. అంతకంటే ఘోరం, కోసి కట్టకపోవడం. మరుసటి నెల 15లోగా కట్టాల్సిన సొమ్మును కరెంటు బిల్లుకు వాడేసి "వచ్చే నెల సర్దుదాం" అంటారు. అది నమ్మకద్రోహం కింద నేరం. ఈఎస్ఐ చందా నిలిచిపోయిన ఉద్యోగికి జబ్బు చేస్తే, జీతం నుంచి కోసిన కాగితం చేతిలో ఉన్నా సెలవు భత్యం కోసం తిప్పలు పడాల్సి రావొచ్చు, సంబంధిత ఆరు నెలల చందా కాలానికి కనీసం 78 రోజుల చందా లెక్కలో ఉండాలి గనుక. కోసింది జమ అయిందో లేదో ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ప్రతి ఉద్యోగీ నెలనెలా చూసుకోవచ్చు. చూసుకోమని యజమానే చెబితే ఇంకా మంచిది.

కొన్నిచోట్ల జీతంలోంచే దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, కోసేసుకుంటారు. ఇచ్చేది సణుగుకొనకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలని 2 కొరింథీయులు 9:7 చెబుతోంది. జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టించే అక్విటెన్స్ రిజిస్టరులో కోసిన కానుకకు ఆ లక్షణాల్లో ఏదీ లేదు. బ్యాంకులో 25,000 వేసి, మర్నాడు పది వేలు నగదుగా వెనక్కి తెప్పించుకునే పద్ధతి ఇంకోటి. ఇది అబద్ధ సాక్ష్యం, దొంగతనం కలిసిన పని. ఉద్యోగి చేత కూడా ఆ అబద్ధం మీద సంతకం పెట్టించడం మరో పాపం.

మధ్యలో మానేసి పోతారని టీచర్ల, నర్సుల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే అలవాటు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ద్వితీయోపదేశకాండం 24:6 తిరగలినీ, తిరగలి పైరాతినీ తాకట్టు పట్టొద్దంటుంది. అది పట్టుకుంటే మనిషి జీవనాధారాన్నే పట్టుకున్నట్టని కారణం కూడా చెబుతుంది. ఆ కాలంలో తిరగలి లేని ఇంట్లో రొట్టె లేదు. ఈ కాలంలో డిగ్రీ, బీఈడీ, నర్సింగ్ రిజిస్ట్రేషన్ కాగితాలు లేకపోతే ఇంకోచోట ఉద్యోగం లేదు. అంటే బీరువాలో ఉన్నది కాగితాల కట్ట కాదు, ఒక ఇంటి తిరగలి. ఏడాది మధ్యలో టీచరు వెళ్ళిపోతే పిల్లలకు నష్టమన్న భయం న్యాయమైనదే. దానికి నియామక పత్రంలో నోటీసు కాలం రాసుకోవాలి, విద్యా సంవత్సరం పూర్తిచేసినవారికి ఏప్రిల్‌లో ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి. ఒరిజినల్స్ చూసి, నకళ్ళ మీద "ఒరిజినల్‌తో సరిచూశాం" అని సంతకం పెట్టి, అదే రోజు తిరిగివ్వాలి. ఇవాళ ఏ బీరువాలోనైనా ఉంటే, జాబితా రాసి, సంతకాలు తీసుకుని, ఈ వారమే ఎవరివి వారికి అప్పగించాలి.

టీచర్లను ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్ళీ చేర్చుకోవడం వెనక ఉన్నది వేసవి జీతం మిగుల్చుకోవడమే అనుకోకూడదు. సర్వీసు తెగిపోతే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) అడగరన్న లెక్క కూడా అందులో ఉంది. గ్రాట్యుటీ టీచర్లకూ వర్తిస్తుంది. 2009 సవరణ దాన్ని 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తింపజేసింది, 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. లెక్క తేలికే: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో, సర్వీసు సంవత్సరాలతో గుణించి 26తో భాగించాలి. 18,000 మీద 12 ఏళ్ళకు 1,24,615 రూపాయలు. ఇదంతా ఒకేసారి ఇవ్వాల్సి వచ్చినప్పుడే సంస్థలు తలకిందులవుతాయి. ఏటా ఒక్కొక్కరికి పదిహేను రోజుల జీతం చొప్పున విడిగా జమచేస్తూ పోతే పదవీ విరమణ రోజున దండతో పాటు చెక్కు కూడా ఇవ్వొచ్చు.

ఆదివారం సంగతి. విశ్రాంతిదినపు ఆజ్ఞను మనం మన విశ్రాంతి కోసమే చదువుకుంటాం. నిర్గమకాండం 20:10లో దాసుడు, దాసి, పశువు, ఇంట్లో ఉన్న పరదేశి కూడా ఉన్నారు. ఆరాధన ముగిశాక ఇరవైమందికి భోజనం పెట్టే ఇంట్లో వంటమనిషికి ఆదివారమే అన్నిటికంటే బరువైన రోజు. ఆమెకు వారంలో ఇంకో పూర్తి రోజు సెలవుండాలి, క్రిస్మస్ వారంలో అదనపు పనికి అదనపు కూలి ముందే చెప్పి ఇవ్వాలి. ఆమెకు వేరే గ్లాసు, వేరే కంచం పెట్టే ఇల్లు ఇంకా ఉంటే మనుషుల మధ్య పక్షపాతం వద్దనే యాకోబు రెండో అధ్యాయం మొదటి నాలుగు వచనాలు ఆ ఇంట్లో గట్టిగా చదవాలి.

మనవాళ్ళు ఎక్కువగా తప్పుగా వాడే వాక్యం మత్తయి 18:15. పని దగ్గర ఎవరు ఫిర్యాదు చేసినా "ముందు నువ్వొక్కదానివే వెళ్ళి అతనితో మాట్లాడావా? క్షమించమని కదా వాక్యం" అంటారు. డ్యూటీ చార్టు గొడవకు, నోరుజారిన మాటకు ఆ వరుస చక్కగా పనిచేస్తుంది: ముందు ఇద్దరి మధ్య, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో, ఆ తర్వాతే పెద్దల ముందు. దాన్ని పాటిస్తే స్టాఫ్ రూమ్ చాడీలు సగం తగ్గుతాయి. కానీ పై అధికారి చేయి వేశాడని చెప్పే అమ్మాయిని మళ్ళీ అతని గదిలోకే ఒంటరిగా పంపడానికి ఆ వాక్యం ఇవ్వలేదు. అదే అధ్యాయం 6వ వచనంలో, చిన్నవారిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరగలిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలంటాడు ప్రభువు. 15వ వచనానికి రావాలంటే దాన్ని దాటే రావాలి.

ఇలాంటి ఫిర్యాదుకు, పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం దారి వేసింది. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. ఆ బయటి వ్యక్తి స్థానంలో మన పాస్టరమ్మగారినే వేసుకోవడం మంచిది కాదు, మహిళల సమస్యల మీద పనిచేసిన, సంస్థతో మొహమాటం లేని మనిషి కావాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. బాధితురాలు తనంతట తాను అడిగితే తప్ప రాజీ మాట ఎత్తకూడదు, డబ్బుతో రాజీ అసలే కుదరదు. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. క్షమించడం, క్షమించకపోవడం ఆమెకూ దేవునికీ మధ్య విషయం. విచారణ సంస్థ బాధ్యత.

ఉద్యోగుల వైపూ లెక్క ఉంది. పైవాడు చూస్తున్నప్పుడే కాకుండా చూడనప్పుడూ మనసుతో చేయమని కొలొస్సయులకు రాసిన లేఖ అడుగుతుంది. ఉపవాస కూటానికి వెళ్ళాలంటే సెలవు పెట్టాలి, హాజరు వేసి వెళ్ళకూడదు. కూటాల కరపత్రాలు ఆఫీసు జిరాక్సు మీద తీయకూడదు. ప్రభుత్వ కొలువుల్లో ఉన్నవారికి లూకా 3వ అధ్యాయం సరిపోతుంది. సుంకరులు (పన్ను వసూలుదారులు), సైనికులు వచ్చి ఏం చేయాలని అడిగితే బాప్తిస్మమిచ్చే యోహాను ఉద్యోగం మానేయమనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దని సుంకరులకు, జీతంతో తృప్తిపడమని సైనికులకు చెప్పాడు. చేయి తడిపితే కదిలే ఫైలులోంచి వచ్చిన డబ్బుకు దశమభాగం తీసినా అది కానుక కాదు.

ప్రార్థన గురించి ఒక మాట. 8:45కి అందరూ ప్రార్థనకు రావాలని నియమం పెడితే పని గంటలు 8:45 నుంచే లెక్కేయాలి. ఇతర మతాల సిబ్బంది రాకపోతే ఆలస్యం వేయకూడదు. చేతికింద పనిచేసేవారికి పై అధికారి మతం బోధించడం, ఎంత ప్రేమతో చేసినా, కాదనలేని స్థితిలో వాళ్ళను నిలబెడుతుంది. అడిగినవారికి చెప్పొచ్చు.

మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరవు రోజుల్లో ఆకలితో ఉన్న జనానికి పని కల్పించడానికి ఆ కట్టడం చేపట్టారని చెబుతారు. ఇవాళ మన చర్చిల్లోనే ఊడ్చే ఆమె, వాచ్‌మన్, గంట కొట్టేవాడు, పల్లెలు తిరిగే ఉపదేశి, ఆడవాళ్ళకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఏ రిజిస్టరులోనూ లేకుండా "ఎంతో కొంత" మీద బతుకుతున్నారు. సంఘ కమిటీలు ఏటా సభ ముందు పెట్టే జమాఖర్చులో ఒక పేజీ చేర్చాలని మా విన్నపం: మన దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు, ఎవరికి నెలకు ఎంత, ఎన్ని నెలలు బాకీ, పీఎఫ్ ఉందా లేదా. ఆ పేజీని ప్రభు భోజన సంస్కారపు ఆదివారానికి ముందు ఆదివారం చదివితే, బలిపీఠం దగ్గర కానుక వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మత్తయి 5:24ను పాటించడానికి కమిటీకి వారం రోజుల సమయం దొరుకుతుంది.

— సంస్థల జీతాల లెక్కలు చూసే కొందరు సంఘ సభ్యులు, గుంటూరు