ఆక్సిజన్‌నూ మందులాగే రాయించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. సర్వీసులో ఎక్కువ భాగం గుండె జబ్బుల వార్డులోనే గడిచింది. మిమ్మల్ని అడగబోయేది పెద్దగా డబ్బు ఖర్చయ్యే పని కాదు, కొంత మిగిలినా మిగులుతుంది. గుండెపోటుతో వచ్చిన పేషెంటుకు ఆక్సిజన్ పెడితే ఎందుకు, ఎంత, ఎప్పటిదాకా అన్న మూడు సంగతులూ డాక్టరు కేస్‌షీట్‌లో రాసి సంతకం పెట్టాలని ఒక సర్క్యులర్ ఇప్పించండి.

ఇది మంత్రి దాకా రావాల్సిన విషయమా అని మీ పేషీలో ఎవరైనా అనొచ్చు. కింద జరుగుతున్నది చూస్తే ఎందుకు రావాలో తెలుస్తుంది.

ఛాతీ నొప్పితో మనిషి కాజువాలిటీలోకి రాగానే ఒకరు ఈసీజీ లీడ్లు అంటిస్తుంటారు, ఒకరు చేతికి క్యాన్యులా వేస్తుంటారు, ఇంకొకరు ముఖానికి మాస్కు తగిలించేస్తారు. గోడకున్న ఫ్లోమీటర్ నాబ్ తిప్పితే గొట్టంలో చిన్న గుండు పైకి లేస్తుంది. అది ఆరు దగ్గర ఆగుతుందా, పది దగ్గర ఆగుతుందా అన్నది తిప్పిన చేతిని బట్టి ఉంటుంది. కింద సీసాలో నీళ్ళు బుడబుడమంటాయి. తలుపు సందులోంచి చూస్తున్న ఇంటివాళ్ళకు ఆ చప్పుడుతో ప్రాణం కాస్త కుదుటపడుతుంది. కేస్‌షీట్‌లో మాత్రం "ఓటూ ఇన్‌హలేషన్" అని రెండు ముక్కలుంటాయి, ఒక్కోసారి అవీ ఉండవు. ఆ పై వరుసల్లోనే ఆస్పిరిన్ ఎన్ని మిల్లీగ్రాములు, హెపారిన్ ఎన్ని యూనిట్లు, ఏ టైముకి ఇచ్చారు అన్నీ ఉంటాయి. వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటరు శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 97, 98 చూపిస్తుంటుంది. ముగ్గురు సిస్టర్ల డ్యూటీలు మారతాయి, గుండు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

చట్టం లెక్కలో ఆక్సిజన్ మందే. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. కోవిడ్ రోజుల్లో, 2020 సెప్టెంబరులో, కేంద్రం దానికి గరిష్ఠ ధర కూడా కట్టింది. తయారీదారు దగ్గర ద్రవ ఆక్సిజన్ ఘనపు మీటరుకు 15.22 రూపాయలు, సిలిండర్లలో నింపి అమ్మేవాళ్ళకు 25.71. ధర కట్టేటప్పుడు మందు, పేషెంటుకు ఇచ్చేటప్పుడు మాత్రం ఉత్త గాలి. ఇదెక్కడి లెక్కండీ?

గుండెపోటులో ఆక్సిజన్ పెట్టడం నూరేళ్ళ పైబడిన అలవాటు. గుండెకు ఆక్సిజన్ అందక కదా పోటు వచ్చింది, కాబట్టి ఇంకాస్త ఇద్దాం అనే తర్కం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రక్తంలో అప్పటికే 97 శాతం నిండి ఉన్నప్పుడు, మాస్కు పెట్టి ఎక్కించగలిగేది చాలా స్వల్పం. పైగా రక్తనాళం పూడుకుపోయిన చోటికి ఆ రక్తం ఎలాగూ పోవడం లేదు. 1976లోనే బ్రిటన్‌లో ఇద్దరు డాక్టర్లు దీన్ని పరీక్షించారు. గుండెపోటు నిర్ధారణ అయిన 157 మందిలో కొందరికి ఆక్సిజన్, కొందరికి మామూలు గాలి. ఆక్సిజన్ వైపు 9 మంది చనిపోయారు, గాలి వైపు 3. అంత చిన్న సంఖ్యతో ఏదీ తేల్చి చెప్పలేం. తేల్చడానికి పెద్ద పరిశోధన చేయాలని అప్పుడే అనిపించి ఉండాలి. అది జరగడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది.

2015లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ డాక్టర్లు, శాచురేషన్ బాగానే ఉన్న 441 మంది గుండెపోటు పేషెంట్ల ఫలితాలు ప్రకటించారు. అంబులెన్సు నుంచే నిమిషానికి 8 లీటర్లు ఇచ్చినవాళ్ళలో గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైము ఎక్కువగా పెరిగింది. ఆరు నెలల తర్వాత ఎంఆర్ఐ తీస్తే గుండె మీద మచ్చ కూడా వాళ్ళకే పెద్దదిగా ఉంది. ఆ తర్వాత స్వీడన్ వాళ్ళు ఇంకా పెద్దది చేశారు. 35 ఆసుపత్రులు, 6,629 మంది. సగం మందికి 6 లీటర్ల చొప్పున 6 నుంచి 12 గంటలు ఆక్సిజన్, మిగతా సగానికి గది గాలి. ఏడాదిలో మరణాలు ఒకవైపు 5.0 శాతం, ఇంకోవైపు 5.1. 2017లో ఆ ఫలితం వచ్చింది. అదే ఏడాది యూరప్ హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు శాచురేషన్ 90 కన్నా తగ్గితే తప్ప ఆక్సిజన్ వద్దన్నాయి. 2021లో న్యూజిలాండ్ నుంచి 40,872 మందితో ఇంకో పరిశోధన వచ్చింది. అందులోనూ నెల రోజుల మరణాల్లో తేడా లేదు, 3.0 శాతం, 3.1 శాతం.

ఒక మాట సూటిగా చెప్పాలి. మాస్కు పెట్టడం వల్ల గుండెపోటు పేషెంట్లు చచ్చిపోతున్నారని నేను అనడం లేదు. పెద్ద పరిశోధనలు రెండూ అలా అనలేదు. శాచురేషన్ బాగున్నవాళ్ళకు లాభం లేదని మాత్రం గట్టిగా తేలింది. లాభం లేనప్పుడు, కొద్దిపాటి నష్టం ఉన్నా అది వట్టి నష్టమే.

ఆ నష్టం ఎలా వస్తుందో వార్డులో కొత్త సిస్టర్లకు చెప్పేదాన్ని. పూడిక కరిగిన క్షణంలో, అంతసేపు రక్తం లేక అల్లాడిన కండరంలోకి ఆక్సిజన్‌తో నిండిన రక్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఎండి బీటలువారిన చేలోకి తూము పూర్తిగా ఎత్తి కాలువ వదిలినట్టు. దెబ్బతిన్న కణాలు ఆ ఆక్సిజన్‌ను వాడుకోలేవు. అందులో కొంత ఫ్రీ రాడికల్స్ అనే హాని చేసే అణువులుగా మారి కణాల పొరల్నే కొరుకుతుంది. దీన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. దానికి తోడు రక్తంలో ఆక్సిజన్ మరీ ఎక్కువైతే గుండె రక్తనాళాలు సన్నబడతాయి కూడా. మేలు చేద్దామని ఇచ్చింది రక్తం పారే దారినే ఇరుకు చేస్తుంది.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. గుండె రక్తనాళం పూర్తిగా పూడుకుపోయే గుండెపోటును స్టెమీ అంటారు. దానికోసం 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం వల్ల చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా పూడిక కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. బయట దాని ఖరీదు దాదాపు 40 వేలు. మంచి పని, ఎవరు మొదలుపెట్టినా, ఎవరు కొనసాగించినా. అయితే పూడిక కరుగుతున్న ఆ గంటలోనే పేషెంటు 108లో పెద్దాసుపత్రికి ప్రయాణం చేస్తుంటాడు, మాస్కుతో. ఆక్సిజన్ గురించి జాగ్రత్త పడాల్సింది సరిగ్గా అప్పుడే. స్టెమీ ఫారంలో ఇంజెక్షన్ టైము నిమిషాలతో సహా రాయిస్తారు. దాని పక్కనే ఇంకొక్క గడి చాలు.

నిజానికి నాకు ఎక్కువ భయం గుండె గురించి కాదు, ఊపిరితిత్తుల గురించి. మన దగ్గర గుండెపోటుతో వచ్చేవాళ్ళలో చుట్ట, బీడీ తాగేవాళ్ళు ఎంతమంది! పొగ అలవాటే లేకపోయినా కట్టెల పొయ్యి ముందు జీవితమంతా గడిపిన అమ్మలు ఎంతమంది! సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన ఇలాంటివాళ్ళకు మితిమీరి ఆక్సిజన్ ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. మనిషి మగతలోకి జారిపోతాడు. "హాయిగా నిద్రపోతున్నాడు" అని ఇంటివాళ్ళు సంతోషిస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నేను పరిగెత్తేదాన్ని. ఇక్కడ మాత్రం సాక్ష్యం తడబడదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సు సిబ్బంది ఆయాసంతో ఉన్న 405 మందితో చేసిన పరిశోధన 2010లో వచ్చింది. అందరికీ ఒకేలా ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చిన వైపు 9 శాతం మంది చనిపోతే, శాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చిన వైపు 4 శాతం మందే చనిపోయారు. మందు అదే, సిలిండరు అదే. కొలత ఒక్కటే తేడా.

ఆక్సిజన్‌ను కొలిచి ఇవ్వడం మనకు రాదా అంటే, వస్తుంది. అదే ఆసుపత్రిలో పై అంతస్తుకు వెళ్ళి నవజాత శిశువుల వార్డు చూడండి. నెలలు నిండని బిడ్డకు ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే కంటి రెటీనా దెబ్బతిని చూపు పోతుందని 1950లలోనే ప్రపంచానికి తెలిసింది. అందుకే అక్కడి సిస్టర్లు శాచురేషన్ 95 దాటితే అలారం మోగేలా పెట్టుకుంటారు. ఆ కళ్ళను పరీక్షించి కాపాడే పనిలో హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి ఎంత పేరుందో మీకు తెలుసు. పైన బిడ్డకు ఎక్కువైతే అలారం, కింద తాతకు ఎక్కువైతే ఎవరికీ పట్టదు.

మరి వార్డులో సిస్టర్లే మాస్కు తీసేయొచ్చు కదా? ఇదిగో, సర్క్యులర్ కావాల్సింది ఇందుకే. మన ఊళ్ళలో ఫలానా ఆయనకు ఆక్సిజన్ పెట్టారట అంటే చుట్టాలు బయల్దేరతారు. ఆక్సిజన్ తీసేశారట అంటే ఇక కబురు కోసం చూస్తారు. శాచురేషన్ 98 ఉందని మాస్కు తీయబోతే, "ఏంటి సిస్టరమ్మా, ఆక్సిజన్ తీసేస్తున్నారు, ఇక లాభం లేదా?" అని పేషెంట్ తాలూకు వాళ్ళు గొల్లుమంటారు. రాత్రి రెండు గంటలకు, డ్యూటీ డాక్టరు ఇంకో కేసులో ఉన్నప్పుడు, వార్డులో ఒంటరిగా ఉన్న సిస్టరు ఆ టెన్షన్ తట్టుకోవడం కష్టం. పెట్టి ఉంచితే ఎవరూ ఏమీ అనరు. తీశాక గంటలో పేషెంటుకు ఏమైనా అయితే, తీసిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. హౌస్‌సర్జన్ పరిస్థితీ అదే. పుస్తకాల్లో ఏముందో వాళ్ళకు తెలియక కాదు.

జనాన్ని తప్పు పట్టలేం. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయినప్పుడు, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది పోయారు. ఆ రోజులు చూసినవాళ్ళకు ఆక్సిజన్ అంటే ప్రాణం. వాళ్ళు ఆ మాట అనడం సబబే, కోవిడ్ ఊపిరితిత్తులకు అది ప్రాణమే. తక్కువైనవాళ్ళకు అది అందేలా చూడటం మీ బాధ్యత అని ఎంత గట్టిగా అంటున్నానో, అవసరం లేనివాళ్ళ ముఖం మీంచి తీయించడం కూడా మీ బాధ్యతేనని అంతే గట్టిగా అంటున్నాను.

ఇక్కడ చిన్న పక్కదారి పడతాను. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనే మాట మందుల వ్యాపారానికి బాగా కలిసొచ్చింది. స్టెంటు వేయించుకుని ఇంటికెళ్ళే మనిషి చీటీలో తప్పనిసరి మందులతో పాటు చివర ఆ స్ట్రెస్‌ను తగ్గిస్తుందనే ఒక యాంటీఆక్సిడెంట్ క్యాప్స్యూల్ ఉంటుంది, మెరిసే స్ట్రిప్పులో. జనం వాటిని బలం బిళ్ళలంటారు. డబ్బులు చాలనప్పుడు రక్తం పలచబడే బిళ్ళ మానేసి బలం బిళ్ళ కొనుక్కునేవాళ్ళను చూశాను. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ డాక్టర్ సలీమ్ యూసుఫ్ నాయకత్వంలో 9,541 మంది మీద అలాంటి యాంటీఆక్సిడెంటే అయిన విటమిన్ ఇ పరీక్షించారు. సగటున నాలుగున్నరేళ్ళు వాడాక గుండెపోట్లు తగ్గలేదని 2000లో తేలింది. అదే పరిశోధన పొడిగింపులో హార్ట్ ఫెయిల్యూర్ కాస్త పెరిగింది కూడా. బ్రిటన్‌లో 20,536 మందిలో సగం మందికి విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ కలిపి ఐదేళ్ళు ఇచ్చి చూశారు. రక్తంలో విటమిన్లు పెరిగాయి, గుండెకు ఒరిగింది లేదు. ప్రభుత్వ ఆసుపత్రి డిశ్చార్జి చీటీలో ఈ క్యాప్స్యూల్స్ ఎందుకుండాలో డాక్టర్లను మీరే అడగండి.

అసలు విషయానికి వస్తాను. సర్క్యులర్‌లో అంకెలు నిపుణులే తేల్చాలి. 90 దగ్గర మొదలుపెట్టాలా, మన చర్మపు రంగును బట్టి కాస్త పైనే మొదలుపెట్టాలా అన్నది ఆలోచించాల్సిందే. నల్లజాతి పేషెంట్లలో పల్స్ ఆక్సీమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని అమెరికాలో 2020లోనే బయటపడింది. చల్లబడ్డ వేళ్ళు, గోళ్ళ రంగు ఎలాగూ మోసం చేస్తాయి. అంకె ఏదైనా సరే, కాగితం మీద ఉండాలి. ఎన్ని లీటర్లు, శాచురేషన్ ఎంతలో ఉంచాలి, మళ్ళీ ఎప్పుడు చూడాలి అన్నవి రాసి ఉంటే, ఆ అంకె రాగానే తగ్గించే అధికారం సిస్టరుకు ఉండాలి. ఆ ఒక్క వాక్యం రాయించండి చాలు, రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లకు అదే అండ. 108 సిబ్బందికీ ఇదే వర్తించాలి.

స్వీడన్ వాళ్ళు ఆ పరిశోధనకు కొత్త ఆఫీసేమీ పెట్టలేదు. గుండె పేషెంట్ల వివరాలు ఆసుపత్రులు రోజూ నింపే జాతీయ రిజిస్ట్రీ ఉంది, దాని మీదే నడిపారు. మనకు 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి స్టెంట్ల, బైపాస్‌ల వివరాలు ట్రస్టు కంప్యూటర్లలో పోగుపడుతున్నాయి. బిల్లు చెల్లించాక వాటిని ఎవరు తెరిచి చూస్తున్నారు? స్టెమీ ఫారంలో ఆక్సిజన్ గడి ఒకటి పెట్టించి, మన మెడికల్ కాలేజీల ఎథిక్స్ కమిటీల అనుమతితో రెండేళ్ళు లెక్క తీయిస్తే, మన పేషెంట్ల గురించి మనమే చెప్పగలుగుతాం. పీజీ పిల్లలకు థీసిస్‌లు కూడా దొరుకుతాయి.

ఒక్క జాగ్రత్త. సర్క్యులర్ ఇంగ్లీషులో సూపరింటెండెంట్ బల్ల దాకా వచ్చి ఫైల్లోకి పోవడం నాకు కొత్త కాదు. దానితో పాటు ప్రతి కాజువాలిటీ బయట, ఇంటివాళ్ళు కూర్చునే బెంచీల ఎదురుగా, పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. దాని మీద ఇలా ఉంటే చాలు: "మీవారికి రక్తంలో ఆక్సిజన్ సరిపోయినంత ఉంటే డాక్టరు గారు మాస్కు పెట్టరు, పెట్టినా తీసేయమంటారు. మాస్కు తీశారంటే వైద్యం ఆపేశారని కాదు. అనుమానం ఉంటే శాచురేషన్ ఎంత ఉందో సిస్టరును అడగండి."

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు