రెండుపూటల బడి గురించి

మ్యూనిక్

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. మార్చి నడిమి నుంచి మీకు ఒంటిపూట బడులు మొదలయ్యాయనీ, పిల్లలు పన్నెండున్నరకు అక్కడే అన్నం తిని ఎండలో ఇళ్లకు వెళ్తున్నారనీ రాశావు. ఇక్కడ రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఏడాది పొడవునా ఒంటిపూట బడే. ఎనిమిదికి వెళ్లి, వారంలో రెండు రోజులు పదకొండున్నరకే ఇంటికి వచ్చేస్తుంది. మన ఒంటిపూటకు ఎండ కారణమైతే, ఇక్కడి ఒంటిపూటకు మధ్యాహ్నం అమ్మ ఇంట్లోనే ఉంటుందన్న పాతకాలపు నమ్మకం కారణం.

2001 డిసెంబరులో పీసా పరీక్ష (పలు దేశాల్లో పదిహేనేళ్ల పిల్లల చదువును పోల్చే అంతర్జాతీయ పరీక్ష) ఫలితాలు వచ్చినప్పుడు, పిల్లల చదువు తల్లిదండ్రుల స్థితిగతులను ఎంతగా అంటిపెట్టుకుని ఉందో చూసి జర్మనీ ఉలిక్కిపడింది. 2003లో కేంద్ర ప్రభుత్వం రెండుపూటల బడుల కోసం 400 కోట్ల యూరోలు ఇచ్చింది గానీ, ఆ డబ్బు భవనాలకూ భోజనశాలలకే తప్ప జీతాలకు కాదు. 2021 నాటి చట్టం ప్రకారం 2026 ఆగస్టులో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతిని కలుపుకుంటూ, 2029–30 నాటికి నాలుగు తరగతుల పిల్లలకూ వారానికి ఐదు రోజులు, పాఠాల సమయంతో కలిపి రోజుకు 8 గంటలు బడిలో గానీ పిల్లల సంరక్షణ కేంద్రంలో గానీ గడిపే హక్కు దక్కుతుంది.

హక్కు రావడం నాకు నిజంగా సంతోషం. అయితే చాలా బడుల్లో పాఠాలన్నీ పొద్దున్నే ముగించి, మధ్యాహ్నం పిల్లలను వేరే సిబ్బందికి అప్పగిస్తారు. పాఠం, ఆట, విశ్రాంతి రోజంతా కలగలిసి, తరగతి మొత్తం సాయంత్రం దాకా ఉండే బడులు తక్కువ. నేను కోరుకునేది ఆ రెండో రకం బడినే.

ఎందుకంటే, మొన్న గురువారం మా అమ్మాయి ఇంటిపని కాగితం తెచ్చింది. ప్రతి జర్మన్ నామవాచకానికీ ముందు, దాని లింగాన్ని బట్టి వచ్చే డేర్, డీ, దాస్ అనే మాటల్లో సరైనది రాయాలి. నేను ఫోనులో వెతికి ఒక్కొక్కటే చెబుతుంటే, అది రాయడం, తప్పని తేలగానే చెరపడం. చివరికి రబ్బరు రాపిడికి కాగితం చిరిగి, పిల్ల ఏడ్చేసింది. జర్మన్ మాతృభాషగా ఉన్న ఇంట్లో అది ఐదు నిమిషాల పని. పీసా ఎత్తిచూపిన తేడా ఆ వేళ మా వంటింటి బల్ల మీదే కనిపించింది. ఆ కాగితాన్ని టీచరు పక్కన కూర్చుని పూర్తి చేసే వీలు ఉండాలి కదా!

జూన్‌లో బడులు తెరిచాక, అన్నం తిన్న పిల్లలకు నిద్ర ముంచుకొచ్చే మొదటి పీరియడులో నువ్వు ఏం చేయిస్తావో వివరంగా రాయి. మా తల్లిదండ్రుల సమావేశంలో ఆ మాట ఎత్తాలనుకుంటున్నాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు