మొక్కుబడి చీర

సంపాదకులకు,

ఏటా హోలీ వస్తే మా సంతెకుడ్లూరు ఫొటో పత్రికల్లో పడుతుంది. ఆదోని దగ్గరి ఈ ఊళ్ళో మగవాళ్ళు చీరలు కట్టి, నగలు పెట్టి, పూలు ముడుచుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకునే ఫొటో. మీరూ వేశారు, ‘వింత ఆచారం’ అన్న శీర్షికతో. ఆ వింతలో ఒకసారి నేనూ ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం.

నాకు ఉద్యోగం రావాలని మా అమ్మ మొక్కుకుంది. వచ్చింది. 2012 హోలీకి చీర కట్టక తప్పలేదు. పెద్దమ్మ కుచ్చిళ్ళు పోసి దోపుతూ “ఊపిరి బిగబట్టకురా, నడవలేవు” అంది. నాలుగడుగులకే నడక మారిపోయింది. పైట జారుతుందేమోనని ఎడమ చెయ్యి దానంతటదే భుజం మీదికి పోతోంది. రచ్చకట్ట దగ్గర నాతో చదువుకున్నవాడే నన్ను పోల్చుకోక ముందు ఒక చూపు చూశాడు. పోల్చుకున్నాక పగలబడి నవ్వాడు గానీ, ఆ ముందరి చూపు నాకింకా గుర్తే. ఆ రాత్రి పద్దుల పుస్తకం వెనక పేజీల్లో ఇదంతా రాసుకున్నాను. చివర ‘చీర విప్పాక హాయిగా ఉంది’ అని కూడా రాశాను.

2021లో మా వీధిలో ఉండే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ గుర్తింపు కార్డుకు దరఖాస్తు రాసిపెట్టమంది. తీరా వెళితే నేను రాయవలసినది పెద్దగా లేదు. గుండ్రటి అక్షరాలతో నాలుగు పేజీలు ఆమే రాసి పెట్టుకుంది. బడిలో ఆడపిల్లల వరుసలో నిలబడినందుకు తిన్న దెబ్బలు, గొంతు మారిన ఏడాది మాట్లాడడమే మానేయడం, మొదటిసారి గాజులు వేసుకున్న రాత్రి ఆ చప్పుడు నాన్నకు వినబడకుండా వాటికి గుడ్డ చుట్టుకోవడం. ఇద్దరం కలిసి కార్యాలయానికి వెళ్ళాం. అక్కడి గుమాస్తా ఆ పేజీలు తిప్పనైనా తిప్పలేదు. “ఆపరేషన్ కాగితాలున్నాయా?” అన్నాడు.

ఆడా, మగా, వేరా అన్నది ఎవరికి వారు చెప్పుకోవలసినదేననీ, అందుకు శస్త్రచికిత్స చేయించుకోమని పట్టుబట్టడం చట్టవిరుద్ధమనీ సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు 2019లో చేసిన చట్టం కింద మరుసటి ఏడాది వచ్చిన నియమాలు కూడా వైద్యపరీక్షలేవీ లేకుండా, ప్రమాణపత్రం మీదే కలెక్టర్ ధ్రువపత్రం ఇవ్వాలన్నాయి. (ఆడ అనో మగ అనో మార్పించుకోవాలంటే మాత్రం అదే చట్టం ఆసుపత్రి కాగితం అడిగింది. అది మరో పేచీ.) మనిషి తన గురించి తాను రాసిచ్చిన మాటనే అప్పటి నియమం సాక్ష్యంగా తీసుకుంది. గుమాస్తాకు మాత్రం రాత కనబడలేదు, ఒళ్ళే కనబడింది. మా ఊరి ఫొటో వేసే పత్రికలకూ అంతేనేమో. నాకు మొక్కు తీరగానే చీర విప్పే వీలుంది, అందుకే నాది వేడుక అయింది. ఆమెది ఏడాది పొడుగునా కట్టే చీర. ఆమె మీ పత్రికలో కనబడాలంటే ఏదో ఒక నేరవార్త రావాలి.

హోలీ ఫొటో మానమని అనను, మాకది సంబరం. ‘వింత’ అన్న మాట తీసేసి, పక్కనే అర కాలమ్ ఇలాంటివారి రాతకు ఇవ్వండి. పేరు వేయాలో వద్దో వాళ్ళనే అడగండి. అచ్చుతప్పులు తప్ప ఏమీ దిద్దవద్దు. ఆమెను అడిగాను. గాజుల పేజీ ఇస్తుందట, బడి పేజీ ఇవ్వదట. కావాలంటే నా పద్దుల పుస్తకం పేజీలూ పంపుతాను.

– ఒక పాఠకుడు, ఆదోని, కర్నూలు జిల్లా